పేరు మాత్రం మిగిలిన రాగం

చెంగల్రాయులు మాస్టారు దగ్గర
పంతొమ్మిదేళ్లు స్వరాలు సాపు రాశాను.
గాంధీ రోడ్డులో ఇత్తడి సామాన్ల అంగడి, పైన మేడగది.
కింద పొద్దస్తమానం
బిందెల సొట్టలు తీసే చప్పుడు.
ఆ దెబ్బ ఏ స్వరం మీద పడుతుందో విని
తంబుర దానికి సరిచేసుకునేవాడు.
"వాడితో కొట్లాడేదానికంటే
వాడితో కలిసిపోతే మేలు కదమ్మా."

ఆయన చేసే పనేమిటని మా ఇంటాయన అడిగితే
చెప్పడం నాకు చేతనయ్యేది కాదు.
తాటాకు మీద పాట ఉంటుంది.
పాట నెత్తిన రాగం పేరు ఉంటుంది.
అంతే.
ఎట్లా పాడేవాళ్లో తెలిసినవాళ్లు
ఒక్కరూ మిగల్లేదు,
రేషను కార్డులో పేరుండి
ఇంట్లో మనిషి లేనట్టు.
ఆ మనిషి ఎక్కడున్నా వెతికి
పిల్చుకొచ్చి చాప మీద కూర్చోబెట్టాల.

చిత్తూరులో పెళ్లి బ్యాండుకు
క్లారినెట్ ఊది మొదలుపెట్టాడట.
ఊరేగింపు వీధి మలుపు తిరిగేలోపల
ఒక్క పాటను ఏడుగురికి ముక్కలుగా పంచడం
అక్కడే పట్టుబడింది.
తర్వాత కాలేజీలో టెంపరరీ ఉద్యోగం.
ఇరవై రెండేళ్లు టెంపరరీ.
క్యాసెట్ అట్ట మీద పాడినామె బొమ్మ,
వెనక చందా ఇచ్చిన జవుళి కొట్టు అడ్రసు,
ఈయన పేరు పడాల్సిన చోట
ధర పడింది.

కొండమలహరి దగ్గర మాత్రం
మూడేళ్లు ముప్పుతిప్పలు పడ్డాడు.
కార్వేటినగరం పోయి
నాదస్వరం ముసలాయన్ను పట్టుకుంటే
ఆయన బోసి దవడలు ఆడించి
"మా తాతకు తెలుసప్పా" అన్నాడు.
ఒక గ్రంథంలో ఒక వాక్యం దొరికింది,
దాన్ని కాదనే వాక్యం ఇంకో గ్రంథంలో.
చివరికి పుత్తూరు దగ్గర
రైలు గేటు పడి బస్సు నిలిచిపోతే
టికెట్ వెనక రాసుకొచ్చాడు.
చెమటకు సగం చెరిగిపోయింది.

అనుపల్లవిలో ఒక ఊపు.
"ఇది ఎక్కడిది మాస్టారూ?"
సిగ్గుపడ్డాడు.
వాళ్లమ్మ సంతలో
చెనిక్కాయలు కొలిచేటప్పుడు
మొదటి పడికి ఒకటి అనకుండా
లా...భం అని సాగదీసి
రెండు దగ్గర ఊపిరి మింగి
మూడు మీదికి దిగేదట.

సదస్సు రోజు
మద్రాసు ప్రొఫెసరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
"ఆ ఊపు గమనించండి.
ఐదొందల ఏళ్ల నాటి పోకడ.
ఇప్పటివాళ్లకు పుట్టే వరస కాదిది."
హాలంతా చప్పట్లు.
ఏడో వరసలో మాస్టారు
తువాలు ఒళ్లో పెట్టుకుని
అందరితో పాటే కొడుతున్నాడు.

టీ అంగడి దగ్గర నిలదీశాను.
"నాది అని ఒక్క మాట చెప్పుంటే?"
టీ చల్లార్చుకున్నాడు. చాలాసేపు.
"మా అమ్మకు ఆ లెక్క నేర్పింది మా అవ్వ.
అవ్వకు ఎవరు నేర్పిందీ?
ఆయన చెప్పింది తప్పని
నువ్వు సంతకం పెడతావా?"
పెట్టలేను.
పైసలు ఆయనే ఇచ్చాడు.

ఇప్పుడు ఎస్వీ కాలేజీ పిల్లలు
పరీక్షకు అది పాడతారు.
కట్టినవారు అన్న గడిలో
సంప్రదాయం అని రాస్తారు.
ఐదు మార్కులు.
టికెట్ నా దగ్గరే ఉంది,
సిరా పోయింది గానీ కండక్టరు పంచ్ చేసిన చిల్లు
అట్లనే ఉంది.

మొన్న బజారుకు పోతే
కాటా మీద ఎర్ర అంకెలు వెలిగాయి.
కొట్టు పిల్లవాడు ఏమీ అనకుండా
కవరులో పోశాడు.
నా నోటికే వచ్చింది, కాస్త గట్టిగానే.
లా...భం.
వాడు తలెత్తి చూసి
"ఇంకో కిలోనా అమ్మా?" అన్నాడు.