పద్నాలుగో నంబరు బస్సు

ఆ సోమవారం ఏడుంపావుకి
వాడు బస్సెక్కి 'గుడ్ మార్నింగ్, వెర్నా' అన్నాడు.
ఎప్పటిలాగే అన్నాడు.
ఈ ఒక్క ముక్క డిటెక్టివ్‌కి నాలుగుసార్లు చెప్పాను.
నాలుగోసారి చెప్తుంటే
నామీద నాకే నమ్మకం పోయింది.

సంచీ బరువుగా ఉందా, అనడిగాడు.
నవంబర్లో పిల్లల సంచులన్నీ బరువే బాబూ,
స్కేటింగ్ బూట్లు, తడిసిన చేతితొడుగులు, ఎవరిదో ట్రంపెట్.
నేను చూసేది అద్దంలో ముఖాలు.
ముఖం బరువు తూచే కాటా నా దగ్గర లేదు.

అందరూ 'వాడు' అంటున్నారు.
ఆరేళ్లు పేరు పెట్టి పిలిచినదాన్ని,
ఇప్పుడా పేరు నాలిక మీద మంచుముక్క.
మింగలేను, ఉమ్మలేను.

బాస్కెట్‌బాల్ హాల్లో ఊరంతా కూర్చుంది.
మధ్య వలయంలో మాత్రం ఎవరూ కుర్చీ వేసుకోలేదు.
తలుపు గడియ, అన్నారొకరు.
ఏడో గది గడియ పట్టడంలేదని వేసవిలోనే రాసిచ్చానని
బడి ఊడ్చే ఆర్విడ్ చీటీ తీసి చూపించాడు,
చీటీ అతనికంటే ఎక్కువ వణికింది.
ఫోన్లన్నారు. ఆటలన్నారు.
దేవుణ్ణి బళ్లోంచి మనమే పంపేశామన్నారు,
పాస్టర్ తన బూట్లవైపు చూసుకున్నాడు.
గని మూసేసినప్పట్నుంచీ... అని లేచిన ఒక ముసలాయన
మిగతా వాక్యం దొరక్క కూర్చుండిపోయాడు.

తుపాకీ మాట వచ్చేసరికి
హాలంతా దగ్గు.

ఎక్కడిదేమిటి,
జింకల వేట మొదలైన వారం.
నాన్న బీరువాలోది.
తాళంచెవి వంటింట్లో, క్యాలెండర్ వెనక మేకుకి.
పేపర్లో ఆ లైను చదివి
కాఫీ కప్పు దించి
లేచి వెళ్లి
మా క్యాలెండర్ ఎత్తి చూశాను.

ఉంది.

ఆయన పోయి తొమ్మిదేళ్లు.
ఏటా క్యాలెండర్ మారుస్తూనే ఉన్నాను,
వెనకున్నది ఒక్కసారీ చూడలేదు.
ఆ రాత్రి మా వీధిలో వంటింటి దీపాలు
ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి, ఆరాయి.
తెల్లారి పలకరించుకున్నప్పుడు
మంచు గురించే మాట్లాడుకున్నాం.

పదకొండు రోజులకి బస్సు తీయమన్నారు.
కాలికి ఏ వార్తా చేరదు కాబోలు,
మారెట్ వాళ్ల ఉత్తరాల డబ్బా దగ్గర
తనంతట తానే బ్రేకు నొక్కింది.
తలుపు తెరిచాను.
మారెట్ ఎక్కలేదు, చలి ఎక్కింది.
తలుపు వెయ్యమని వెనకనుంచి ఎవరూ అరవలేదు.

అన్సెల్ స్టాపులో వాళ్ల కుక్క వచ్చి
మెట్టు మీద ముందుకాళ్లు ఆనించి
సీటు సీటూ చూసి
దిగిపోయింది.
టీవీ వాళ్లు అంకె చెప్తారు.
నేను కుక్క చూసినట్టే చూశాను.

మిగిలింది వాగు మలుపు. వాడి స్టాపు.
అక్కడ ఆగనక్కర్లేదని ఆఫీసులో ముందే చెప్పారు,
ఎవరూ రారన్నారు.

డబ్బా వెనక సగం దాక్కుని
రెండో తరగతి చదివే వాడి చెల్లెలు.
టోపీ తిరగేసి పెట్టుకుంది, చూసి సరిచేసేవాళ్లు లేనట్టుంది.
వెనక సీట్లలో గుసగుస పుట్టి, చచ్చింది.

మెట్టు మీద కాలు పెట్టకుండా
మూడేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగింది:
'ఎక్కొచ్చా?'

ఊరడిగిన వాటిల్లో ఒక్కదానికీ
నా దగ్గర జవాబు లేదు.
దీనికీ నోరు పెగల్లేదు.
చెయ్యి చాపాను.

ఎవరూ జరగలేదు.
ఎవరూ తిట్టలేదు.
నా వెనకే మొదటి సీట్లో కూర్చుంది,
అద్దంలోకి అందనంత చిన్నది.

గేరు వేసే ముందు
అద్దం కొంచెం కిందికి వంచాను.