నలభై మూడో మగ్గు

నల్ల ప్లాస్టిక్ మగ్గు, అడుగున మూడు వేళ్ల నీళ్లు,
అంచుకు క్లిప్పు పెట్టిన గరుకు అట్టముక్క.
అంతే నా సరంజామా.
గొల్లపాలెం గట్టుకి రెండొందల పన్నెండు మెట్లు,
నేను లెక్కపెట్టినవి కావు
మోకాళ్లు చెప్పినవి.

"నిల్వనీళ్లని పోయిన శుక్రవారం
నా డ్రమ్ము బోర్లించింది నువ్వే కదే?
ఇవాళ నువ్వే తెచ్చి నీళ్లు పెడతన్నావా?"
అడిగింది తిరపతమ్మ.
శిక్షణలో బట్టీపట్టిన జవాబు ఉంది నా దగ్గర.
కింద పంపు నుంచి బిందె మోసుకొచ్చి
ఇంకా రొప్పుతున్న మనిషి ముందు
అది నోరు దాటలేదు.
"ఇవి తాగే నీళ్లు కావు పిన్నీ, అడిగే నీళ్లు" అన్నాను.
ఏమర్థమైందో,
మెట్టు పక్కన నీడ చూపించింది.

ఆమె పగలే వస్తుంది.
కాళ్లకు తెల్లపట్టీలు,
కడుపులో మన పిల్లల నెత్తురు.
నీటికి ఆనీ ఆనకుండా, తడికి వెంట్రుకవాసి పైన
ఒక్కొక్కటే అంటిస్తుంది.
ఇక్కడ పది, పక్కింటి టైరులో పాతిక,
మిగిలినవి ఇంకెక్కడో.
ఉన్నదంతా ఒకే చీటీలో కట్టని ఇల్లాలు.

పెట్టినప్పుడు తెల్లగా ఉంటాయట.
నేను చూసేసరికి నలుపే,
భూతద్దం కింద, గసగసాలకన్నా సన్నంగా.
సూదిమొనతో ఒకటి, రెండు, పదకొండు...
ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటికి.
పుట్టనివాళ్ల జనాభా లెక్కలు రాసే ఉద్యోగం నాది.
నెలజీతం. వచ్చిన నెలకి.

మొదటి వారం నలభై మూడులో ఏమీ లేవు.
రెండో వారమూ లేవు.
మూడో వారం రిజిస్టర్ చూసి
మార్తాండరావు గారు పెన్ను మూతపెట్టి
"గట్టు బాగుపడిందమ్మా" అన్నారు.

పైకెళ్లి చూద్దును కదా,
తిరపతమ్మ కోడిపెట్ట
మగ్గులో తల పెట్టి తీరుబడిగా తాగుతోంది,
మధ్యమధ్య అట్టను పొడుచుకు తింటోంది.
మా రిజిస్టర్లో గుండు సున్నా
అది పెట్టిన గుడ్డే!
గట్టు మొత్తం మీద
ఇంకెన్ని సున్నాలకు ఎన్ని కోళ్లున్నాయో.

మగ్గును కిటికీ చువ్వకు తాడేసి కట్టాను.
నాలుగో వారం అట్ట తీస్తే
అరవై ఒకటి.
మళ్లీ లెక్కపెట్టాను.
అరవై ఒకటే.

ఆ సాయంత్రం పొగబండి వచ్చింది.
కింది రోడ్డు మీద బుసకొట్టి
మెట్ల మొదట్లోనే వెనక్కి తిరిగింది.
పొగ మాత్రం ఓ యాభై మెట్లెక్కి
ఆయాసపడి కూలబడింది.

పై వరస ఇంట్లో రహమతున్నీ కొడుక్కి నాలుగోరోజు జ్వరం.
"నిన్న అరవై వేలు, ఇవాళ ముప్పై ఎనిమిదంట అక్కా"
చీటీ చూపించింది.
తన అంకె తగ్గితే భయం,
నా అంకె పెరిగితే భయం.
ఇద్దరం అదే మెట్టు మీద కాసేపు కూర్చున్నాం.

"ఎన్ని పెట్టింది?"
కోడి సంగతి అడిగినట్టే అడిగింది తిరపతమ్మ.
చెప్పాను.
నీళ్లు ఎండినా నెలల తరబడి
గోడను కరుచుకుని బతుకుతాయనీ చెప్పాను.

ఆమె ఏమీ అనలేదు.
డ్రమ్ములో నీళ్లు చుక్క పారబోయకుండా
బిందెల్లోకి, గిన్నెల్లోకి, ఆఖరికి కుక్కర్లోకి తోడి
ఖాళీ డ్రమ్ములోకి నడుం దాకా వంగి
లోపలి అంచును వేలితో తడిమి చూసి
"ఆ పీచు ఇటందుకో" అంది.