ముప్ఫైరెండో బైటు

బెర్గెన్‌లో మూడో వారం కూడా వాన.
రేవు ఆఫీసు కిటికీ అవతల
బోయాలు తలలూపుతూ అంకెలు పంపుతున్నాయి:
ఉష్ణోగ్రత, ఉప్పు, లోతు, వేళ,
కొలిచినవాళ్ళ పొడి అక్షరాలు.
ఒక్కో కొలతా ఒక చిన్న మూట,
లోపల ప్రతి గడికీ ఓ పేరు.

నాకు కావలసినవి రెండే, ఉప్పూ లోతూ.
ఆ రెండూ తీసివ్వమని ఓ బుల్లి ఫంక్షన్ రాశాను,
మూడంటే మూడు వరుసలు.
కాఫీ చల్లారింది,
రాగ్న్‌హిల్డ్ కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది,
కోటి మూటల్లో సగం కూడా విప్పలేదు.

కంపైలర్‌ని అడిగాను, ఏమనుకుంటున్నావని.
ఎర్ర అక్షరాల్లో ఒకటే మాట:
"ఏదైనా."
ఏదైనా కావచ్చు అనుకున్నవాడు
ప్రతి మూటకీ ఓ పెట్టె తెస్తాడు,
పెట్టెకి తాళం, తాళానికి చీటీ.
ఉప్పు ఉప్పేనా అని
కోటిసార్లు నాలిక్కి రాసుకుని చూస్తాడు.

తప్పు దానిది కాదు.
పేర్లు నేను గుమ్మం ఇవతలే చెప్పాను.
అవతల కూర్చున్న దానికి
ఎవరో ఏదో పేరు తెస్తారని మాత్రమే వినపడింది.

టోర్‌గైర్ గుర్తొచ్చాడు.
తాడు చేతికి తగిలితే చాలు,
ఎన్ని బారల నీళ్ళో చెప్పేవాడు.
ఎలాగంటే,
"పడవ ఎవరిదో తెలుసు, ఎటెళ్ళిందో తెలుసు,
ఇంకా అడిగేదేముంది" అని తాడు చుట్టేవాడు.

ఫంక్షన్ నెత్తిన ఒక్క మాట పెట్టాను:
పిలిచిన చోటే కలిసిపో.
గోడ పోయింది.
మూడు వరుసలూ పెద్ద లూపులో పరుచుకున్నాయి,
పేర్లు కళ్ళెదుటే ఉన్నాయి,
ఎరుపు నీలమైంది.
ఉప్పు, దశాంశం. లోతు, దశాంశం.
కప్పు కడుక్కొచ్చేలోపు కోటీ అయిపోయాయి.

తర్వాత ఊరికే, అట్టడుగు కోడ్ తెరిచి చూశాను.
అందులో ఉప్పు లేదు, లోతూ లేదు.
మొదలు నుంచి ఎనిమిది బైట్లు,
మొదలు నుంచి పదహారు, అంతే.
నా బుల్లి ఫంక్షన్ పేరు ఎక్కడా లేదు.
పేరు తెలియడమంటే ఇదన్నమాట,
ఇక పిలవక్కర్లేకపోవడం.

ముప్ఫైరెండో బైటు దగ్గర
ఎవరూ అడగని గడి ఒకటుంది.
పాత మూటలన్నిట్లో అక్కడ
టో.హె. అని ఉంటుంది.

దీపం ఆర్పేముందు ఆ పేరు కూడా చేర్చాను.
మళ్ళీ ఎరుపెక్కుతుందేమోనని
కాసేపు చూశాను.
ఎక్కలేదు.