బరువు మీద అంకె

పానెల్‌కి ఎడమ పక్క, మోకాలికి కాస్త పైన,
అగ్గిపెట్టెంత గాజు. దాని వెనక పచ్చటి అంకెలు.
పన్నెండు పాయింట్ ఎనిమిది.
ఎప్పుడు చూసినా అదే మాట,
గుమ్మంలోంచే కుశలం చెప్పి వెళ్ళిపోయే చుట్టంలా.

రెండు సీట్ల విమానం మాది.
వరద తీసిన ప్రతిసారీ గోదావరి ఏ గట్టు కోసుకుపోయిందో
ఏ లంక ఎంత తరిగిందో
ఫొటోలు తీసుకురావడం నా పని.
పెద్ద బ్యాటరీ ముందు ఉంటుంది, ఆల్టర్నేటర్ దానికి అన్నం పెడుతూ ఉంటుంది.
చిన్నది నా సీటు వెనక. రెండు బొండాల బరువు.
పెద్దది చేతులెత్తేసిన రోజున
ముప్పై నిమిషాలపాటు ఇంజన్లో నిప్పు ఆరకుండా చూడాలి.
అందాకా దానికి పనేమీ లేదు.
పని లేనివాడి ఒంట్లో ఎలా ఉందో ఎవరికి తెలుస్తుంది?

తాటిపాక జిలానీకి తెలుస్తుంది.
ట్రాక్టర్లవీ పడవలవీ రొయ్యల చెరువు జనరేటర్లవీ
ముప్పై ఏళ్ళు బ్యాటరీలు చూసిన మనిషి,
చొక్కా నిండా యాసిడ్ చిల్లులు.
విమానం ఎక్కమంటే మాత్రం ఇప్పటికీ ఎక్కడు.
మొదటిరోజు నా పచ్చంకె చూసి నవ్వాడు.
"ఊరికే అడిగితే బాగున్నాననే అంటదండి.
బరువెట్టి అడగండి."

లారీ హెడ్‌లైట్ బల్బులు నాలుగు తగిలించి
గడియారం పట్టుకుని దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు.
అంకె జారింది. పన్నెండున్నర. పన్నెండు. పదకొండు పాయింట్ తొమ్మిది.
అక్కడ కాసేపు ఆగింది, ఆయాసం తీర్చుకుంటున్నట్టు.
ప్రతి లక్ష్మివారం ఇదే తంతు.
కూతురు సగంలో వదిలేసిన సైన్సు నోటుబుక్కులో
కప్ప బొమ్మ తర్వాతి పేజీ నుంచి
అంకెలూ నిమిషాలూ.

తొంభై ఆరు తుఫాను రాత్రి
వాళ్ళ నాన్న ఆసుపత్రికి పంపిన బ్యాటరీ
కొట్లో చూసినప్పుడు నిండుగానే ఉందట.
కాన్పుగదిలో పావుగంటకే దీపం గుడ్డిదైపోయిందట.
ఎవరి కాన్పో, ఏమైందో, చెప్పలేదు.
బల్బులు విప్పి గోనెసంచిలో వేసుకున్నాడు.

యానాం దాటి మడ అడవుల మీద ఉన్నాను.
ఎండ ఏటవాలుగా పడి కాలవలన్నీ ఇత్తడి తీగలైపోయాయి.
అప్పుడు వెలిగింది ఎర్రదీపం.
పద్నాలుగు పాయింట్ ఒకటి ఉండవలసిన పెద్దంకె
పన్నెండుకి వచ్చింది, ఇంకా దిగుతోంది.
చిన్నది మాత్రం యథాప్రకారం: పన్నెండు పాయింట్ ఎనిమిది, బాగున్నాను.

మధురపూడికి ఇరవై ఏడు నిమిషాలు.
కంపెనీ పుస్తకంలో ముప్పై అని ఉంది.
కప్ప బొమ్మ ఉన్న పుస్తకంలో, పోయిన లక్ష్మివారం,
ఇరవై రెండు.

కెమెరా కట్టేశాను. లైట్లు కట్టేశాను.
రేడియోలో ఒక్కమాట చెప్పి అదీ కట్టేశాను.
మిగిలింది మ్యాపు తెర. దాని మీద నీలిగీత గోదావరి.
కింద చూశాను. అసలు గోదావరి చార్జింగ్ అడగకుండా పారుతోంది.
తెర ఆర్పేశాను.

ఎదుర్లంక వంతెన.
కోటిపల్లి రేవులో పంటు, దాని మీద ఒక మోటారు సైకిలు.
జొన్నాడ. ఇసుక లారీల వరుస.
కడియం దగ్గర నర్సరీల మీద పొగమంచులా స్ప్రింక్లర్ల నీళ్ళు.
ఎన్నిసార్లు వచ్చానో ఈ దారిన, మ్యాపు చూసుకుంటూ.
ధవళేశ్వరం గేట్లు లెక్కపెట్టబోయి మానేశాను, అంకె చూడాలి.
పదకొండు పాయింట్ ఆరు.
రాజమండ్రి వంతెనల మీద రైలు నాకంటే నిబ్బరంగా పోతోంది.
పదకొండు పాయింట్ మూడు.

చక్రాలు ఆనిన తర్వాత ఎంతుందో చూడలేదు.

జిలానీ వచ్చి సీటు వెనక చెయ్యి పెట్టి వేడి చూశాడు,
జొరమొచ్చిన పిల్లని చూసినట్టు.
నావైపు తిరిగి "మీకెలాగుందండీ" అన్నాడు.
"బాగున్నాను."
ఏమీ అనలేదు. టూల్‌బాక్సు నా చేతికిచ్చి
ముందు నడిచాడు.

గేటు దాకా రెండుసార్లు దింపాను.
పుస్తకంలో రాసుకున్నాడేమో,
అడగలేదు.