వంత

బుర్రకథకి మూడు గొంతులు కావాలి.
నడుమ తంబురాతో ఉందుర్తి పేర్రాజు,
ఒక పక్క రాజకీయం చెప్పడానికి గెడ్డం ఏసుపాదం,
ఇంకో పక్క, నవ్వించడానికి, మా నాన్న నూకయ్య.
అంబాజీపేట సంతలో కొబ్బరిరాశులెక్కి వినేవారట జనం.
నేను విన్లేదు.
నాకు ఊహ తెలిసేసరికే కథ ఆగిపోయింది.

అరవైనాలుగులో పార్టీ రెండైంది.
ఆఫీసులో బెంచీలు పంచుకున్నారు.
పెట్రోమాక్స్ లైటు ఒకరికి,
మాంటిల్స్ డబ్బా ఇంకొకరికి.
పేర్రాజు పాతదాంట్లోనే ఉండిపోయాడు, తంబురాతో సహా.
ఏసుపాదం కొత్తదాంట్లోకి నడిచాడు.
నాన్న మూడేళ్లు ఇద్దరిళ్లలోనూ టీ తాగి
చివరికి కొండలవైపు చూసేవాళ్లతో కలిశాడు.
జైలుకెళ్లాడు. జైల్లో ఆ గ్రూపూ చీలింది.
"పడుకున్నప్పుడు ఒకటేనే అమ్మాయ్, లేచేసరికి రెండు."
ఆ తర్వాత పేర్ల పక్కన బ్రాకెట్లు మొలిచాయి.
ఒక దశలో తాలూకా మొత్తానికి నాన్నవాళ్లు నలుగురు.
అందులో ఒకడు మైనారిటీ అభిప్రాయం రాసిచ్చాడు.

అమ్మ అటకమీంచి గుమ్మెట దింపి
బెండ విత్తులు పోసి మూతికి గుడ్డ కట్టింది.
కరపత్రాలు పొయ్యిలోకి,
ఎవరివో చూడకుండా.

స్కూలు మాస్టారొకాయన ఓదార్చబోయాడు:
"గోదారి చీలబట్టే కదండీ కోనసీమ పుట్టింది!"
నాన్న నోట్లో చుట్ట తీసి,
"ధవళేశ్వరం దాటాక ఆ పాయలు
ఒకదాన్నొకటి ద్రోహి అనుకున్నాయాండి?" అన్నాడు.
మాస్టారు నవ్వాడు. నాన్న నవ్వలేదు.
హాస్యం చెప్పేవాడు తను నవ్వకూడదు, అది పద్ధతి.

పేర్రాజు పోయాడని ఆషాఢంలో కబురు.
చించినాడ దగ్గర అప్పటికింకా వంతెన లేదు.
పంటు మీద దాటాం, నాన్న చంకలో గుమ్మెట.
శవం మీద వాళ్ల జెండా.
ఏసుపాదం అరుగు దాకా వచ్చి ఆగిపోయాడు.
జేబులోంచి ఎర్రగా మడత కనిపిస్తోంది,
కప్పనిస్తారో లేదో ఎవరినడగాలో తెలీక.
రెండూ కుట్టింది పాలకొల్లు దర్జీ ఒకడే,
ఒకే తానులోంచి.

నాన్న మర్చిపోయాడో, కావాలనే చేశాడో,
మూతిగుడ్డ విప్పకుండానే
గుమ్మెట మీద చెయ్యి వేశాడు.
మొదటి దెబ్బకే ముడి ఊడి
బెండ విత్తులు శవం కాళ్ల దగ్గర రాలాయి.
రెండో దెబ్బ. మూడోది.
వంత అందుకునే చోటు వచ్చింది.
ఏసుపాదం నోరు తెరిచాడు.
నడుమ కథ చెప్పేవాడు లేడు,
దేనికి వంత పాడాలి?
మూసుకున్నాడు.
ఆ విత్తులు మొలిచాయా అని అడక్కండి.
అప్పటికప్పుడే కోళ్లు ఏరుకు తిన్నాయి.

సాయంత్రం రేవులో మొదలెట్టారిద్దరూ.
అరవైనాలుగు డాక్యుమెంటు, పేజీ పేజీ.
హాల్లోంచి ముందు లేచిందెవరు,
కుర్చీ తన్నిందెవరు.
నాన్న గొంతు అంత పైకి లేవగలదని
నాకప్పుడే తెలిసింది.
"కావాలంటే పేర్రాజుని అడుగు!" అన్నాడు ఏసుపాదం.

కాసేపు నీళ్ల చప్పుడు.

ఆఖరి పంటు ఎప్పుడెళ్లిందో ఎవరూ చూళ్లేదు.
రేవు పాకలో రెండే బల్లలు.
చెరోటి తీసుకున్నారు, చెరో గోడవైపు తిరిగి.
నేను మధ్యలో, నేలమీద,
గుమ్మెట తలకింద పెట్టుకుని.