తక్కువొస్తేనే పాసు

ధనకోటి నొప్పితో రాలేదు.
బెల్లం పెచ్చు మీద ఎర్రటి గీత చూసి
కొనేవాడు మొహం తిప్పుకున్నాడని వచ్చినాడు,
చిత్తూరు నుంచి తిరుపతికి, తెల్లారి మొదటి బస్సులో.

చిత్తూరు మండీలో ముప్పై ఏళ్ళుగా అతని పని కొరకడమే.
దిమ్మె అంచున పంటితో ఓ పెచ్చు విరిచి
నాలిక కింద దాచుకుని, కళ్ళు మూసుకుని,
ఇది నీవా గట్టు చెరుకు, ఇది కార్శి తోటది,
దీంట్లో హైడ్రోసు దండిగా పడిందంటాడు.
ఆ మాట మీదే ధర కట్టేది.

నేను ల్యాబ్ మనిషిని.
నోళ్ళు నాకు నంబర్లుగా వస్తాయి.
ఇతను పదిహేడు.

డాక్టర్ యామిని సన్నటి కొలపుల్ల దించి గట్టిగా చెప్తా ఉంది:
ఆరు, ఏడు, నాలుగు, ఏడు.
నేను రాసుకుంటా ఉన్నా.
నోరు తెరుచుకునే నవ్వినాడు ధనకోటి.
తర్వాత ఉమ్మి కడుక్కుని అన్నాడు:
"మండీలో వేలం పాట మాదిరే ఉండాదే!
ఎవురికి కొట్టేసినారు?"

పంటికీ చిగురుకీ నడుమ సందులో
కాగితపు ముక్క, ముప్పై సెకన్లు.
దానికి అంటేది చీమ చెమటంత తడి.

తొంభై ఆరు గుంతల పళ్ళెం నాది.
పోయాలి, కడగాలి, కాచుకోవాలి, మళ్ళీ కడగాలి.
మొదట నీలం లేస్తుంది.
ఆమ్లం చుక్క పడగానే పసుపు.
పసుపు ఎంత చిక్కనైతే మంట అంత.
పదిహేడో మనిషి గుంతలు
దించడానికి సిద్ధమైన పాకం రంగు.
ఇంటర్‌ల్యూకిన్ ఆరు అని చీటీ అంటించినా.
రక్తంలో సి.ఆర్.పి. కూడా పైనే ఉంది.
మూడు నెలల చక్కెర తొమ్మిదిన్నర.
నొప్పి లేదన్నాడు కదా ఆయన;
ఒళ్ళు మాత్రం ఊరుకోలేదు,
చిగురు దగ్గర మొదలుపెట్టి కాలేయం దాకా కబురంపింది.

నాలుగు సార్లు గార తీసినారు.
పెనం అడుగున పట్టిన మాడులా రాలింది.
వక్కాకు మానమన్నారు. "సూస్తా" అన్నాడు.
చక్కెర మాత్ర మార్చినారు.
బెల్లం కొరకొద్దని చెప్పడానికి మాత్రం
డాక్టరమ్మకూ నోరు రాలేదు.

మూడు నెలలకి కోపంగా వచ్చినాడు.
"ఏం మేడం, పండ్లు పొడుగైనాయే!
సన్నీళ్ళు తాగితే జివ్వుమంటాది.
సందుల్లో గాలి ఆడతా ఉంది.
ముందే బాగుండె."
ఆమె అద్దం చేతికిచ్చింది.
"ఇన్నాళ్ళూ అక్కడున్నది చిగురు కాదు, వాపు.
తీసిందంతా అదే."
చాలాసేపు చూసుకున్నాడు.
"మా నాయన అనేటోడు," అన్నాడు మెల్లగా,
"వాపును చూసి బలుపనుకోవద్దురా అని.
ఎవురి గురించో అనుకున్నా."

చెట్టుకైతే చిగురు ముందు, పండు తర్వాత.
నోట్లో చిగురే కడదాకా పండును పట్టుకోవాల.
జారిన ఎముక తిరిగి రాదని
ఆ పూట ఎవరూ ఆయనకి చెప్పలేదు.

"మార్కర్లు తగ్గినాయి" అన్నాన్నేను.
"మార్కులా? తగ్గితే ఫెయిలే గదమ్మా!"
"దీంట్లో తక్కువొస్తేనే పాసు."
"అట్లాంటి బడి నా కాలంలో ఉండుంటేనా..."

గుంతలు చాలావరకు లేత పసుపుకి దిగినాయి.
సి.ఆర్.పి. ఆరు నుంచి నాలుగుకి వచ్చింది.
కింద ఎడమ చివరి పన్ను మాత్రం
ఇంకా పాకం రంగులోనే ఉంది.
ఇరవై మూడో మనిషికి అదే చేతులు, అదే మందు;
ఒక్క గుంత రంగూ మారలేదు.
ఎందుకో రాయడానికి
నా పట్టీలో గడి లేదు.

పోతా పోతా నా బల్ల మీద పొట్లం పెట్టినాడు.
"నీవా గట్టుది. తినమ్మా, నేను సూసినాన్లే."
విప్పితే పెచ్చు.
అంచున పంటి గాటు,
గాటు చుట్టూ బంగారు పొడి, అంతే.

ల్యాబ్‌లో తిండి తినకూడదు.
ఫ్రిజ్ నెత్తిన పెట్టినా,
చీమలు కనుక్కునేదాకా
అక్కడే ఉండింది.