రేఖల్లేని ముద్రలు

సంఘం రెండుగా చీలినరోజు
పంచుకోవడానికి ఏముంది గనక,
ఒక పెట్రోమాక్సు లైటు, ఓటి డప్పు,
పావలా రసీదుల పుస్తకం.

లైటు కొండెక్కినవాళ్లు పట్టుకెళ్లారు.
పుస్తకం ఓట్లకు నిలబడ్డవాళ్లకి మిగిలింది.
ఆ రాత్రి నుంచి దండాసి మాస్టారు
గుడ్డిదీపం దగ్గర పేర్లు కూడబలుక్కునేవాడు.
డప్పు ఏమైందో
ఉద్దానంలో ఎవర్నడిగినా చెప్పరు.

పోలీసులొచ్చిన పూట
కూర్మమ్మ పుస్తకాన్ని చింతపండు కుండలో దాచింది.
యాభై ఏళ్లకు తీస్తే, పులుపు వాసన.
నలభై ఒకటో పేజీ:
కిరసనాయిలు, ముప్పై పైసలు
టెక్కలి సబ్‌జైలుకి బీడీలు, పావలా
మాస్టారి చెప్పుల కుట్టుకూలి, బాకీ.

కింద ఆడవాళ్ల వేలిముద్రలు పదిహేడు.
అన్నీ నల్లటి మచ్చలే, గీత ఒక్కటీ లేదు.
సిరా ఎక్కువైందేమో అన్నాను.

"సిరా కాదు గుంటా, జీడిపిక్క పాలు.
ఏళ్ల తోలు లేసిపోయీది.
పట్టా కోసమెలితే తాసిల్దారూ అదే అన్నాడు,
రేకల్లేవు, సెల్లదని.
సంగంలో సెల్లీది."

అని, ఏడో మచ్చ మీద
తన బొటనవేలు ఆనించి చూసుకుంది.
సరిపోలేదు.
వేలే కాస్త చిన్నదైంది.